మైలపడ్డ టీవీ

సాయంత్రం ఆరు నుంచి పది వరకు, కోలారు బంగారు గనుల పక్కనున్న రాబర్ట్‌సన్‌పేటలో బట్టల వ్యాపారి వెంకటేశయ్యకు సొంత ఇంట్లో ఎటువంటి అధికారమూ ఉండేది కాదు. ఆ నాలుగు గంటలూ టీవీ రిమోటు ఆయన భార్య దాక్షాయణి ఒడిలో ఉండేది. ఒడిలో ఉన్నది పిల్లి అయితే దించవచ్చు. రిమోటును ఏమీ చేయలేమని ముప్పై నాలుగేళ్ల కాపురం ఆయనకు నేర్పింది.

పగలంతా దుకాణంలో నలభై మంది ఆడవాళ్లకు చీరలు విప్పి చూపించి, అందులో ముప్పై ఎనిమిది తిరిగి మడిచిపెట్టి ఇల్లు చేరే మనిషి, టీవీలో మరో ఆరుగురు ఆడవాళ్లు అవే చీరలు కట్టుకుని ఏడవడం చూడవలసి రావడం అన్యాయమని ఆయన వాదన.

"ఏమే, ఒక్క ఓవరు చూసుకుంటానే."

"చూసుకుందురు. ఆయమ్మకి పాలల్లో విషం కలిపినారు. తాగతాదో లేదో తెలిసినాక."

"నిన్న కూడా అదే లోటా పట్టుకోని ఉండె కదే!"

"విషం కదా, ఆలోచించుకోని తాగాల."

ఇట్లా ఉండగా ఆయన సరుకు కోసం మాలూరు వెళ్లి, అక్కడ ఒక టోకు వ్యాపారి ఇంట్లో ఇంటర్నెట్టు టీవీ చూశాడు. దానిని ఆన్ చేయడానికి ఏడు మెట్లు ఉన్నాయి. ఆ ఇంటి ఇల్లాలు మూడో మెట్టు దగ్గర ఓడిపోయి, టీవీ మానేసి కుట్టుపని పట్టింది. వెంకటేశయ్యకు ఇది దైవదర్శనంతో సమానమైంది. కేబులు తీసేసి ఇంటర్నెట్టు పెడితే దాక్షాయణి చేతిలో రిమోటు పనిచేయదు. పనిచేయని వస్తువును ఆమె ఇంట్లో ఉంచదు, ఆయనకు ఇచ్చేస్తుంది. లెక్క స్పష్టంగా ఉంది.

అడ్డు ఒక్కటే. దాని పేరు బచ్చప్ప.

బచ్చప్ప ఊరి కేబులు ఆపరేటరు. ఎవరు కనెక్షన్ తీసేయమన్నా వచ్చి వాళ్ల గడప మీద కూర్చుని, వాళ్ల తండ్రి కాలం నుంచి తాను వేసిన చానళ్లు జ్ఞాపకం చేసి, కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. పక్కనున్న కోరమండల్ గని కాలనీలో ఒక మాజీ కార్మికుడు ఆ ఏడుపు భరించలేక రెండు కనెక్షన్లు పెట్టించుకున్నాడని ప్రతీతి. పైగా బచ్చప్ప తన పనివాళ్లందరికీ పండగ బట్టలు వెంకటేశయ్య దుకాణంలోనే తీసేవాడు. కాబట్టి, ఇంటర్నెట్టు కోసమని చెప్పడానికి వీల్లేదు. బచ్చప్ప నోరెత్తలేని కారణం కావాలి.

ఇక్కడ దాక్షాయణి అన్నగారి సంగతి చెప్పాలి. ఈ కథలో వీళ్లకు నిజంగా పోగొట్టుకోవడానికి ఉన్న మనిషి ఆయన ఒక్కడే.

నంగలిలో చిల్లర అంగడి పెట్టుకున్న నరసింహప్ప దాక్షాయణికి ఒక్కగానొక్క తోబుట్టువు. తొమ్మిదేళ్ల క్రితం ఆయన కూతురు పవిత్ర పెళ్లిలో వెంకటేశయ్యను మూడో పంక్తిలో భోజనానికి కూర్చోబెట్టారు. మూడో పంక్తికి ఒబ్బట్లు అయిపోయాయి. ఇంటి అల్లుడికి ఒబ్బట్టు లేదన్న కారణంగా రెండు ఇళ్ల మధ్య తొమ్మిదేళ్లు మాట లేకుండా పోయింది. శపథం ఆయనది, నిష్ఠ మాత్రం దాక్షాయణిది. ఆమె పుట్టింటి పేరు ఎత్తలేదు, ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారి రెండు నెలల కిందట. నరసింహప్పకు మూత్రపిండాలు చెడిపోయాయని, వారానికి మూడుసార్లు కోలారుకు తీసుకుపోయి డయాలసిస్ చేయిస్తున్నారని చింతపండు వ్యాపారి ఒకడు చెప్పి వెళ్లాడు.

"ఒక్కతూరి పోయి చూసొస్తాము," అన్నది దాక్షాయణి. "మనిషి ఉండంగానే."

"వాణ్ణే వచ్చి పిలవమను."

"చేతిలో సూది పెట్టుకోని రావల్లనా?"

"మూడో పంక్తిలో కూర్చోబెట్టినప్పుడు చేతులు బాగానే ఉండినాయి కదా."

ఆమె టీవీ శబ్దం కొంచెం పెంచింది.

వెంకటేశయ్య బస్టాండు దగ్గర బచ్చప్ప ఆఫీసుకు వెళ్లాడు. బచ్చప్ప లేచి తన తువ్వాలుతోనే కుర్చీ తుడిచాడు.

"కేబులు తీసెయ్యి బచ్చప్పా."

"ఏమిటికన్నా? బొమ్మ బాగా రాలేదా?"

"అట్ల కాదప్పా. ఇంట్లో సూతకం." చావు మైల ఉన్న ఇంట్లో టీవీ పెట్టరు. ఆ ఊరిలో దానికి తిరుగులేదు. "ఏడాది దాకా టీవీ మొగం చూడనని మీ వదిన ఒట్టు పెట్టుకునింది."

"అయ్యో! ఎవురన్నా?"

ఈ ప్రశ్నకు ఆయన సిద్ధంగా లేడు. తల్లినీ తండ్రినీ చెప్పడానికి లేదు, వాళ్ల పాడె మోసిన నలుగురిలో బచ్చప్ప ఒకడు. ఇప్పటికిప్పుడు చావదగిన మనిషి కోసం ఆయన బుద్ధి బంధువర్గమంతా వెతికింది. నాలుక బుద్ధికంటే ముందు చేరుకుంది.

"నంగలి నరసింహప్ప."

ఇంటికి నడుస్తూ ఆయన దీనిని సమర్థించుకున్నాడు. తొమ్మిదేళ్లుగా ఇంట్లో పేరెత్తని మనిషి ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. అదీగాక ఎలాగూ దగ్గరపడ్డాడు. ఇది అబద్ధం కాదు, కాస్త ముందుగా చెప్పిన నిజం.

ఆ సాయంత్రమే ఇంటర్నెట్టు మనిషి అంబరీష్ వచ్చి తీగ లాగి, పెట్టె బిగించి వెళ్లాడు. టీవీ వెలిగి, 'ఎవరు చూస్తున్నారు?' అని అడిగింది.

"ఎవురు చూస్తా ఉండారని అడగతాది! దానికి కండ్లు లేవా?" అన్నది దాక్షాయణి.

"పేరు చెప్పాలే."

"నా ఇంట్లో నేను టీవీ చూసేదానికి పేరు చెప్పల్లనా? ఓటు వేసేకి వచ్చినానా?"

"ఇంగ నీ సీరియలు ఎప్పుడంటే అప్పుడు వస్తాది."

"ఎప్పుడంటే అప్పుడు వచ్చేది సీరియలా? ఆరున్నరకి వస్తాదంటే అయిదింటికే చారు కాచి, దీపం పెట్టి, దానికోసం కాచుకోని ఉంటాము. పిలిస్తే వచ్చేదానికి మర్యాద ఏముండాది?"

ఆమె రిమోటు ఆయన చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. లెక్క ఫలించింది. వెంకటేశయ్య ఒక క్రికెట్ ఆట మొదటి బంతి నుంచి చివరి బంతి వరకు చూశాడు. ఆయన కాపురంలో అంత సుఖమైన సాయంత్రం మరొకటి లేదు. ఆ తరవాత కూడా రాలేదు.

ఇక బచ్చప్ప ఏం చేశాడో చూడండి. అతనికి ఒక లోకల్ చానలు ఉండేది. మంచినీళ్లు ఏ వీధికి ఏ రోజు వస్తాయో, ట్యూషన్ ఎక్కడ చెబుతారో అందులో వేసేవాడు. ముఖ్యంగా పొద్దున ఆరింటికి ఊరిలో పోయినవాళ్ల ఫోటోలు వేసేవాడు. ఊరిలో సగం మంది అది చూసిన తరవాతే కాఫీ తాగుతారు. వెంకటేశయ్య దుఃఖానికి కరిగిపోయిన బచ్చప్ప, పవిత్ర పెళ్లికి తానే తీసిన వీడియోలోంచి నరసింహప్ప ముఖం కత్తిరించి, దండ వేసి, రెండు ఊదుబత్తులు గీసి, తెలుగు, కన్నడ, తమిళం మూడింటిలోనూ శ్రద్ధాంజలి రాయించి, అరగంటకు ఒకసారి చొప్పున ఉచితంగా వేయించాడు. కింద 'దుఃఖంలో మునిగినవారు: వెంకటేశయ్య, బట్టల షాపు.'

ఊరంతా చూసింది. చూడలేకపోయిన ఇల్లు ఒక్కటే.

మరునాడు దుకాణంలో ఒక ఆవిడ చీర తీసుకుని, చెప్పిన ధర మాట్లాడకుండా ఇచ్చేసింది. ఆయన వ్యాపార జీవితంలో అటువంటిది జరగలేదు.

"ఏమ్మా, బేరమే ఆడలేదు?"

"ఇట్లాటప్పుడు బేరం ఏమిటికిలేప్పా. మనిషే పోయినాక."

"ఎవురమ్మా పోయింది?"

ఆవిడ ఆయన వైపు జాలిగా చూసింది. "బచ్చప్ప చానల్లో చూసినాము కదా."

వెంకటేశయ్య గల్లా తెరిచే వదిలేసి ఇంటికి పరిగెత్తాడు. దారిలో ముగ్గురు ఆయనను ఆపి భుజం తట్టారు. ఒకాయన కౌగిలించుకుని కొంతసేపు వదలలేదు.

ఇంట్లో నడవలో చాప పరిచి ఉంది. పక్కింటి నేత్రావతి, మరో నలుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. చావు జరిగిన ఇంట పొయ్యి రాజేయకూడదు కనుక ఉప్పిట్టు, చిత్రాన్నం, పెరుగన్నం గిన్నెలు గోడవారగా వరసగా ఉన్నాయి. దాక్షాయణి తలకు పోసుకుని, తడి జుట్టు ముడివేయకుండా మధ్యలో కూర్చుని ఉంది. ఏడవడం లేదు.

"ఎప్పుడు?" అని అడిగింది.

నిజం చెప్పడానికి ఆయనకు ఇంతకంటే మంచి అవకాశం లేదు. కానీ ఐదుగురు ఆడవాళ్లు చూస్తున్నారు.

"మొన్న."

"నాకేమిటికి చెప్పలేదు?"

"నువ్వు... తట్టుకోలేవని."

"చూడండమ్మా," అన్నది నేత్రావతి కళ్లు తుడుచుకుంటూ, "పెండ్లాం మీద ఎంత ప్రేమో!"

దాక్షాయణి లేచింది. "బండి పిలిపించండి. నంగలికి పోవల్ల."

బేతమంగలలో ఆమె బండి ఆపించి సెంటు మల్లెల దండ కొన్నది. దానిని ఒడిలో పెట్టుకుంది. వెంకటేశయ్య ఆ దండను చూడకుండా ఉండడానికి కిటికీలోంచి టమాటా తోటలు చూశాడు. ముళబాగిలు దాటేవరకు చూశాడు. ఇక నంగలి పది పన్నెండు మైళ్లే ఉన్నదనగా గొంతు సవరించుకున్నాడు.

"దాక్షాయణీ, ఒకవేళ కబురు తప్పేమో."

"మీ నోట్లో చక్కెర పొయ్య. ఎవురు చెప్పిన కబురది?"

"బచ్చప్ప."

"బచ్చప్పకి ఎవురు చెప్పినారు?"

డ్రైవరు గిరీశ్ అద్దంలోంచి చూశాడు. వెంకటేశయ్య ఆ కాసేపట్లోనే బాగా ముసలివాడయ్యాడు.

"నేనే."

ఆమె దండలో నలిగిన పువ్వొకటి తీసి బయట పడేసింది.

"బేతమంగల దాటకముందే చెప్తారనుకుంటిని. ఇంత దూరం పట్టిందే మీకు?"

"నీకు తెలుసునా!"

"నేత్రావతి చెప్పంగానే నంగలికి ఫోన్ చేసినాను. అన్నే ఎత్తినాడు. తొమ్మిదేండ్లయినాక ఆ గొంతు. ఏం మాట్లాడాల్నో తెలీలేదు. నువ్వు చచ్చిపోయినావంటనే అన్నా, అంటిని." ఆమె దండను ఒడిలో సర్దుకుంది. "ఇంగా లేదమ్మా, అన్నాడు."

గిరీశ్ నవ్వబోయి, నవ్వవచ్చో లేదో తెలియక హారన్ కొట్టాడు.

"మరి తలకేమిటికి పోసుకున్నావే? ఈ దండేమిటికి?"

"మీరు యాడదాకా పోతారో చూస్తామని తలకి పోసుకుంటిని. దండ అన్నకి. బతికుండేవాళ్ల మెడలో వెయ్యకూడదని యాడన్నా రాసుండాదా?"

అంగడి వెనక గదిలో మంచం మీద నరసింహప్ప కూర్చుని ఉన్నాడు. పెళ్లి వీడియోలోని మనిషిలో మూడో వంతు మిగిలాడు. పాదాలు మాత్రం వాచి ఉన్నాయి. తండ్రిని చూసుకోవడానికి అత్తవారింటి నుంచి వచ్చిన పవిత్ర గోడకు ఆనుకుని నిలబడింది. దాక్షాయణి దండ అన్న మెడలో వేసి, ఆయన వాచిన పాదాల దగ్గర నేల మీద కూర్చుండిపోయింది. అప్పుడు ఏడ్చింది.

"రా బావా," అన్నాడు నరసింహప్ప. "నా చావుకి వచ్చినావు, శానా సంతోషం."

వెంకటేశయ్య మంచం కాలి దగ్గర రాలిన మల్లెపువ్వొకటి ఏరి చేతిలో పెట్టుకున్నాడు.

"పవిత్రా, మామకి ముందు పెట్టమ్మా అన్నం. ఇంగో తొమ్మిదేండ్లు అలిగితే నాకు టైం లేదు."

ఆయన తిన్నాడు. ఏం తిన్నాడో తరవాత చెప్పలేకపోయాడు.

బయలుదేరేటప్పుడు దాక్షాయణి బండి ఎక్కలేదు. "నేను పదకొండు దినాలు కూర్చోని వస్తాను."

"బతికుండేవాళ్ల ఇంట్లో పదకొండు దినాలేమిటే?"

"చచ్చినాక కూర్చుంటే ఆయప్పకి తెలుస్తాదా?"

"మరి ఊర్లో జనానికి ఏం చెప్పేది?"

"నేనేం చెప్పను. మీరు చంపినారు. మీరే మొయ్యండి."

ఆయన మోశాడు. పలకరింపుకు వచ్చేవాళ్ల కోసం తలుపు తెరిచి ఉంచాలి, తలుపుకు ఎదురుగానే టీవీ. దాని మీద తువ్వాలు కప్పవలసి వచ్చింది. సాయంత్రం ఆరింటికి రిమోటు ఆయన చేతికి వచ్చేది, అదే సమయానికి బచ్చప్ప కూడా వచ్చి ఎదురుగా కూర్చునేవాడు. "ఎట్ల జరిగిందన్నా?" అని అడగడం పలకరింపు మర్యాద, చెప్పడం ఇంటివాళ్ల ధర్మం. మొదటి రోజు వెంకటేశయ్య 'గుండె' అని ఒక్క మాటతో సరిపెట్టాడు. మూడో రోజుకు అంబులెన్సు చేరింది. ఐదో రోజుకు నరసింహప్ప బావ చేయి పట్టుకుని చివరిమాట చెప్పాడు. ఏడో రోజున ఆ చివరిమాట చెబుతూ వెంకటేశయ్య నిజంగానే ఏడ్చాడు. అది చూసి ఆయనకే భయం వేసింది.

పదకొండు రోజులు నలభై అయ్యాయి. దాక్షాయణి రాలేదు. మధ్యలో ఒక మధ్యాహ్నం చీరల కోసం వచ్చి, టీవీ మీది తువ్వాలు తీసి, రిమోటులోకి వంగి నోటితో ఏదో చెప్పింది. తాను విడిచిన చోటి నుంచి సీరియలు మొదలైంది.

"ఇదెట్ల తెలుసునే నీకు?" అన్నాడు ఆయన నీరసంగా.

"పవిత్ర నేర్పింది. అన్నకి సూది పెట్టినప్పుడు నాలుగు గంటలు పడతాది. ఫోన్లో ఆయప్పా నేనూ చూస్తా ఉంటాము." లోటా పట్టుకున్న ఆవిడ విషం తాగకుండా కింద పెట్టింది. దాక్షాయణి టీవీ ఆపి, చీరల సంచి తీసుకుని బస్సుకు వెళ్లిపోయింది.

నలభై ఏడో రోజు పొద్దున ఫోన్ చేసింది. "ఆరింటికి పోయినాడు. చెయ్యి పట్టుకోనే ఉంటిని."

వెంకటేశయ్య దహనానికి వెళ్లాడు. మూడో రోజు ముగిసి దాక్షాయణి ఇల్లు చేరేసరికి నలుగురు రావడం ధర్మం. ఆమెకు అన్న పోయాడు, ఊరు వచ్చి కూర్చోవాలి. ఆయన ముందుగానే బచ్చప్ప దగ్గరకు పరిగెత్తాడు.

"బచ్చప్పా, నంగలి నరసింహప్ప పోయినాడు."

"తెలుసు కదన్నా."

"ఇప్పుడు పోయినాడప్పా! అప్పుడు నేను చెప్పింది అబద్ధం. ఇంట్లో ఇంటర్నెట్టు పెట్టుకునేదానికి."

బచ్చప్ప లేచి ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అన్నా, దుఃఖం మనిషి చేత ఏమన్నా పలికిస్తాది. ఇంటర్నెట్టు కోసం ఎవురన్నా బావమరిదిని చంపుకుంటారా? నువ్వు ఇంటికి పోయి పండుకో."

చావు కబురు చానల్లో రాలేదు. వీధిలో చెబితే నేత్రావతి బుగ్గ నొక్కుకుంది. "అయ్యో, వచ్చి పలకరించి పోతిమి కదప్పా. ఒక మనిషికి రెండుతూర్లు వస్తే ఇంటికి కీడు."

దాక్షాయణి ఇంటికి వచ్చింది. తలకు పోసుకుని, నడవలో చాప పరిచి, గోడకు ఆనుకుని కూర్చుంది. తలుపు తెరిచి ఉంది. పదకొండు గంటలు దాటింది, రెండు దాటింది. గోడవారగా ఒక్క గిన్నె లేదు. వీధిలో పోయేవాళ్లు లోపలికి చూసి, తల వంచుకుని పోయారు. వెంకటేశయ్య గుమ్మం దగ్గర నిలబడి, ప్రతి అడుగుల చప్పుడుకూ తొంగి చూశాడు.

"ఎవురూ రారు," అన్నది ఆమె. "మీరు రండి."

"నేను ఈడనే ఉండాను కదే."

"అట్ల కాదు. బయటికి పోయి, చెప్పులు విడిచి, వచ్చినోళ్లు వచ్చేట్టుగా రండి."

ఆయన బయటికి వెళ్లాడు. తన గడపలో తన చెప్పులు విడిచి లోపలికి వచ్చి, చాప మీద ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. ఏం చేయాలో తెలియక చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"వచ్చినోళ్లు ఏం అడగతారు?"

"ఎట్ల... జరిగిందమ్మా?"

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. పాదాలు ఎప్పుడు వాచాయో, సూది గుచ్చేటప్పుడు అన్న పళ్లు ఎట్లా బిగించేవాడో, దాహం వేసి మంచుముక్క అడిగితే డాక్టరు వద్దన్నాడని ఎట్లా దాచిపెట్టారో, చివరి వారం ఎవరిని గుర్తుపట్టాడో, ఎవరిని గుర్తుపట్టలేదో చెప్పింది. ఆ పొద్దున పాలవాడు గంట కొట్టినప్పుడు అన్న కళ్లు తెరిచి 'అర్ధ లీటరు చాలు' అన్నాడని, అదే చివరి మాటని చెప్పింది.

వెంకటేశయ్య తన పేరు వచ్చే చోటు కోసం కాచుకున్నాడు. మొదట్లో పోయి చూసొస్తామంటే రాలేదని ఆమె అంటుంది. అప్పుడు చెప్పడానికి ఆయన దగ్గర నాలుగు జవాబులు సిద్ధంగా ఉన్నాయి, వాటిలో ఒకటి నిజం కూడా. కథ కోలారు చేరింది, నంగలికి తిరిగి వచ్చింది, శ్మశానం దాటింది. ఆయన పేరు ఎక్కడా రాలేదు.

దీపం పెట్టే వేళ అయ్యింది. దాక్షాయణి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఇంగ లేవండి. పలకరించేదానికి వచ్చినోళ్లు పోయొస్తామని చెప్పకూడదు. లేచి సుమ్నె పోవల్ల."

ఆయన లేచాడు. చెప్పకుండా గడప దాటి, చెప్పులు వేసుకుని వీధిలోకి దిగాడు. అక్కడి నుంచి ఎటు పోవాలో ఆయనకు తోచలేదు. ఆ వీధిలో ఆయన ఇల్లు అదొక్కటే.